చీకటిలో ఉండనేర్చిన దీపం

శంషాబాదులో రాత్రివేళ దిగే విమానానికి నేలమీద ముందుగా కనుపించేవి దీపాలు. అవి ఎల్లవేళలా వెలుగుతూనే ఉండాలి. కాని ఆ విమానంలోనుండి దిగిన ప్రయాణికుని ముక్కులోనుండి తీసిన తడిని పరీక్షించడానికి శాస్త్రజ్ఞులు ఉపయోగించే దీపాల ధర్మం ఇందుకు పూర్తిగా భిన్నమైనది. అవి కంటికి కనుపించనంత చిన్నవి. తాము వెదకుతున్నది దొరికేవరకు చీకటిగా ఉండాలి. దొరికిన తరువాతనే వెలగాలి. దీపాన్ని వెలిగించడం మానవుడు ఏనాడో నేర్చినాడు. వేళగాని వేళ వెలగకుండా ఉండే దీపాన్ని తయారుచేయడం మాత్రం నిన్న మొన్న నేర్చిన విద్య.

2008 మార్చిలో హైదరాబాదు విమానాల రాకపోకలు బేగంపేటనుండి శంషాబాదుకు మారినవి. ఏడాది దాటి రెండు నెలలు నిండకముందే, 2009 మే 13వ తేదీన, అమెరికానుండి దుబాయి మీదుగా వచ్చిన ఒక యువకుడు అక్కడ విమానం దిగినాడు. మూడు రోజుల తరువాత, మే 16న, అతనికి ఆనాడు దేశదేశాలను కలవరపెడుతున్న హెచ్1ఎన్1 ఇన్‌ఫ్లుయెంజా ఉన్నదని ప్రభుత్వం ప్రకటించినది. భారతదేశంలో ధ్రువపడిన మొదటి స్వైన్ ఫ్లూ కేసు అదే. ఎర్రగడ్డలోని ఛాతీ ఆసుపత్రి, తరతరాలుగా క్షయరోగులకు శరణ్యమైన ఆ ఆసుపత్రి, ఈ కొత్త రోగానికి కూడ తలుపు తెరిచినది.

విమానాశ్రయాలలో ప్రయాణికుల ఒంటివేడిని దూరంనుండే చూసే కెమెరాలు ఉంటాయి. అవి వేడిని చూస్తాయి, రోగాన్ని చూడవు. రోగం అంకురించి, ఇంకా జ్వరం రానివాడు వాటి ముందునుండి నిక్షేపంగా నడిచిపోతాడు; ఎండదెబ్బ తగిలినవాడు ఆగిపోతాడు. ఫలానా వైరస్ ఉన్నదా, లేదా అన్న ప్రశ్నకు జవాబు కావాలంటే ఆ వైరస్ తనలో దాచుకొన్న వ్రాతనే చదవాలి. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ద్వారా అన్ని దేశాలకూ అందిన పరీక్షా విధానం ఆ పనినే చేసినది. దానికి ఊపిరి ఈ దీపాలు.

వ్రాత అన్నది ఊరికే అలంకారానికి వాడిన మాట కాదు. జీవకోటి వారసత్వమంతా నాలుగక్షరాల లిపిలో ఉన్నది: ఎ, టి, జి, సి. మానవుని వ్రాత ఒక్క ప్రతిలో ఈ అక్షరాలు సుమారు 300 కోట్లు. క్షయరోగపు సూక్ష్మజీవిలో 44 లక్షలు. కరోనా వైరస్‌లో ముప్ఫై వేలకు ఇంచుక తక్కువ. కరోనా, ఇన్‌ఫ్లుయెంజాల వ్రాత ఆర్.ఎన్.ఎ. అనే తోబుట్టువు లిపిలో ఉంటుంది. పరీక్షకు ముందు దానిని డి.ఎన్.ఎ.గా తిరగవ్రాసుకొంటారు.

డి.ఎన్.ఎ.లో రెండు పోగులు పెనవేసుకొని ఉంటాయి. ఒక పోగులో ఎ ఉన్నచోట ఎదుటి పోగులో టి, జి ఉన్నచోట సి. తెలుగు పద్యం వ్రాయడం నేర్చిన విద్యార్థికి ఇది కొత్తగా తోచదు. యతిస్థానంలో ఏ అక్షరానికి ఏది మిత్రమో ఛందశ్శాస్త్రం నిర్ణయించి ఉన్నది. అకారానికి యకార హకారాలు కూడ మిత్రాలే. డి.ఎన్.ఎ. ఛందస్సులో అంత ఔదార్యం లేదు. ఎకు టి, జికి సి, అంతే. పైగా రెండు పోగులూ ఎదురెదురు దిశలలో నడుస్తాయి. ఒకదానిని ఎడమనుండి కుడికి చదివితే రెండవదానిని కుడినుండి ఎడమకు చదవాలి. విలోమ పద్యాలు చూసినవారికి ఈ నడక పోల్చుకోవడం కష్టం కాదు.

కాబట్టి వైరస్ వ్రాతలో దానికే ప్రత్యేకమైన ఒక చిన్న భాగాన్ని ఎన్నుకొని, దానికి మిత్రమైన పోగును ప్రయోగశాలలో తయారుచేస్తే, అది వెళ్లి తన జోడును తానే పట్టుకొంటుంది. ఇట్టి పోగును ప్రోబ్ అంటారు. తెలుగులో శోధిని అనవచ్చు. శోధిని ఎంత పొడవుండాలి? లెక్కల మాస్టరు తరగతిలో చేయించదగిన గుణకారం ఇది. నాలుగక్షరాలతో 15 అక్షరాల మాటలు 107 కోట్లకు పైగా వస్తాయి. మానవుని వ్రాతలో 300 కోట్ల అక్షరాలుండగా, అట్టి మాట యాదృచ్ఛికంగా ఎక్కడో ఒకచోట కనుపించవచ్చు. 20 అక్షరాలకు పోతే మాటల సంఖ్య సుమారు లక్షా పదివేల కోట్లు. ఇక కాకతాళీయపు భయం దాదాపు లేదు.

శోధిని తన జోడును పట్టుకొన్నదని మనకు తెలిసేదెట్లా? చిక్కంతా ఇక్కడ వచ్చినది.

హైదరాబాదు ఈ చిక్కును బాగా ఎరిగిన నగరం. ఇక్కడి కణ, అణుజీవశాస్త్ర కేంద్రంలో లాల్జీ సింగ్ (1947-2017) 1980ల చివర డి.ఎన్.ఎ. వేలిముద్రల విద్యను ఈ దేశంలో నెలకొల్పినారు. ఆయన వాడిన శోధిని ఒక కట్లపాము జాతినుండి దొరికిన డి.ఎన్.ఎ. ఆ జాతికి శాస్త్రలోకంలో పేరు బుంగారస్. ఆ పేరు వింటే తెలుగువాని చెవి నిక్కబొడుచుకోవాలి: అది మన ‘బంగారు’ శబ్దమే. విశాఖపట్టణంలో ఉండి పాములను పరిశీలించిన పాట్రిక్ రస్సెల్ 1796లో అచ్చయిన తన గ్రంథంలో స్థానికులు చెప్పిన పేరును ఎక్కించగా, అది తరువాత లాటిను వేషం వేసుకొన్నది. రెండు శతాబ్దాలు తిరిగి ఆ బంగారు పామే హైదరాబాదులో నేరస్థులను, తండ్రులను గుర్తుపట్టే సాధనానికి ఆధారమయినది. సరే, విషయానికి వద్దాము.

ఆ శోధినులకు రేడియోధార్మిక భాస్వరాన్ని తగిలించేవారు. డి.ఎన్.ఎ.ను ఒక పలుచని పొరమీదికి ఎక్కించి, శోధినిని దానిపై పోసి, ఆ తరువాత ఎక్స్‌రే ఫిల్ముపై పడే నల్లని చారలకోసం రోజుల తరబడి వేచి ఉండేవారు. మధ్యలో ఒక పని తప్పనిసరి. జోడును పట్టుకోని శోధినులన్నింటినీ కడిగి పారవేయాలి. ఎందుకంటే ఆ శోధిని పట్టుకొన్నప్పుడూ అరుస్తుంది, పట్టుకోనప్పుడూ అరుస్తుంది. సంతలో అందరూ ఒక్కసారిగా కేకలు వేస్తూ ఉంటే ఎవని వస్తువు దొరికినదో ఎట్లా తెలుస్తుంది? దొరకనివారిని సంతనుండి వెళ్లగొట్టవలసినదే.

రోగపరీక్షలో ఈ కడుగుడు కుదరదు. నమూనాలో వైరస్ వ్రాత ఏ కొన్ని ప్రతులో మాత్రమే ఉంటుంది. 1983లో కారీ ముల్లిస్ కనిపెట్టిన పి.సి.ఆర్. పద్ధతిలో దానిని పదే పదే రెట్టింపు చేస్తారు. ఒక్క ప్రతి ముప్పయి సార్లు రెట్టింపయితే 107 కోట్లకు పైగా ప్రతులవుతాయి. (పై పేరాలో వచ్చిన సంఖ్యే మళ్లీ వచ్చినదేమని విద్యార్థులు అడిగితే, నాలుగు రెండుకు వర్గమని గుర్తుచేస్తే చాలు.) ఇన్ని కోట్ల ప్రతులున్న గొట్టం మూత తీసి కడగబోతే, ఆ తుంపరలు గదిలోని మిగిలిన నమూనాలన్నింటినీ మైలపరుస్తాయి. ఆరోగ్యవంతునికి కూడ రోగం ఉన్నట్లు ఫలితం వస్తుంది. కాబట్టి మూసిన గొట్టంలోనే, కడగకుండానే, జవాబు రావాలి. అనగా, పట్టుకోనప్పుడు నోరు మూసుకొని ఉండే శోధిని కావాలి.

ఉన్నదైతేనే రంగు, లేకపోతే లేదు అనే ఆలోచన రసాయనశాస్త్రానికి పాతదే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన పద్ధతిలో, ద్రావణంలో భాస్వరం ఉన్న కొలది నీలిరంగు చిక్కనవుతుంది. ఆ ఫిస్కే-సుబ్బారావు పద్ధతిని ప్రపంచంలోని జీవరసాయన శాస్త్ర విద్యార్థులు దశాబ్దాలపాటు చేతులారా చేసినారు. అయితే భాస్వరం ఎవరి సొత్తూ కాదు. ఆవులోనూ ఉన్నది, ఆవాలలోనూ ఉన్నది. ఒక్క వైరస్‌కు మాత్రమే చెందిన అక్షరాల వరుసను చూసి రంగు పుట్టాలంటే మరొక ఉపాయం కావలసివచ్చినది.

దానికి ముడిసరుకు ప్రతిదీప్తి. కొన్ని పదార్థాలు ఒక రంగు వెలుగును మింగి, కొంత శక్తిని పోగొట్టుకొని, మరొక రంగు వెలుగును వెంటనే వెడలగ్రక్కుతాయి. 1852లో జార్జి స్టోక్స్ దీనికి ఫ్లోరెసెన్స్ అని పేరు పెట్టినాడు. చూడదలచిన ఉపాధ్యాయులు దూరం పోనక్కరలేదు. చిటికెడు పసుపును స్పిరిటులో కలిపి, దొంగనోట్లను పట్టేందుకు దుకాణాలలో ఉంచే అతినీలలోహిత దీపం కింద పెడితే, ఆ ద్రవం పచ్చని మెరుపుతో వెలుగుతుంది. శోధినులకు ఎక్కువగా వాడే రంగు ఫ్లోరెసీన్ సంతతిలోనిది. అది నీలి వెలుగును మింగి పచ్చని వెలుగును ఇస్తుంది.

ఈ వెలుగుకు ఒక శత్రువు ఉన్నది. రంగు అణువుకు అతి సమీపంలో మరొక తగిన అణువు ఉంటే, మింగిన శక్తి వెలుగుగా బయటికి రాకముందే ఆ రెండవది దానిని కాజేసి, వేడిగా మార్చి పారవేస్తుంది. దీనిని ఆర్పుడు అణువు అందాము. దూరం మీద ఈ దొంగతనం ఎట్లా ఆధారపడి ఉంటుందో 1940లలో జర్మనీకి చెందిన థియోడర్ ఫ్యోర్‌స్టర్ లెక్క కట్టినాడు. అణువుల మధ్య దూరం కొంచెం పెరిగితే చాలు, దొంగతనం ఎన్నో రెట్లు తగ్గిపోతుంది. దగ్గరున్నంతసేపు చీకటి, విడిపోతే వెలుగు.

1996లో న్యూయార్కులోని పబ్లిక్ హెల్త్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో సంజయ్ త్యాగి, ఫ్రెడ్ క్రామర్ అనే ఇద్దరు ఈ రెండు సంగతులను జోడించినారు. వారు ప్రకటించిన శోధినికి మాలిక్యులర్ బీకన్ అని పేరు; అణుదీపం అనవచ్చు. దాని రూపం ఆడవారు తలలో పెట్టుకొనే పిన్నుసూది వంటిది. మధ్యలో ఒక ఉచ్చు. లక్ష్యానికి మిత్రమైన అక్షరాలు అందులో ఉంటాయి. ఇరుప్రక్కలా రెండు పొట్టి చేతులు. ఒక చేయి సి-జి-సి-టి-సి అయితే, మరొకటి జి-ఎ-జి-సి-జి. రెండవదానిని వెనుకనుండి చదివి జోడులు చూస్తే అవి ఒకదానికొకటి మిత్రాలని తెలుస్తుంది. కనుక ఆ రెండు చేతులూ పట్టుకొని ఉంటాయి. ఒక చేతి కొసన రంగు అణువు, రెండవ చేతి కొసన ఆర్పుడు అణువు. చేతులు కలిసి ఉన్నంతవరకు అవి ఒరుసుకొని ఉంటాయి కాబట్టి దీపం చీకటి.

లక్ష్యం ఎదురయినప్పుడు ఉచ్చులోని అక్షరాలు దానితో జతకూడుతాయి. ఒంటిపోగు నూలుపోగువలె ఎటైనా వంగుతుంది గాని, జతకూడిన పోగు బిరుసైన కమ్మీ వంటిది. కమ్మీగా నిగిడిన ఉచ్చు ఇరుకొసలను ఎడంగా లాగుతుంది. చేతులు విడిపోక తప్పదు. రంగు అణువు శత్రువునుండి దూరమవుతుంది. గొట్టంలో పచ్చని వెలుగు పుడుతుంది. ఎవరూ మూత తీయలేదు, ఏదీ కడగలేదు.

చెప్పినంత తేలిక కాదు దీనిని దిద్దుకోవడం. చేతులు మరీ పొడవైతే పట్టు బిగిసిపోతుంది. లక్ష్యం వచ్చి తలుపు తట్టినా విడవవు, రోగం ఉండి కూడ దీపం వెలగదు. మరీ పొట్టివైతే వేడికే విడిపోయి, లక్ష్యం లేకుండానే దీపం మినుకుమంటుంది. అందుచేత ఐదు నుండి ఏడు అక్షరాల చేతులను, పరీక్ష జరిగే ఉష్ణోగ్రతకంటె 7 నుండి 10 డిగ్రీలు పైన మాత్రమే విడిపోయేటట్లు ఎంచుకొంటారు. జి-సి జోడుకు మూడు బంధాలు, ఎ-టి జోడుకు రెండు. కనుక చేతులలో జి, సిలు ఎక్కువ. అయితే రంగు అణువును నేరుగా జి అక్షరానికి తగిలించరాదు. ఆ అక్షరానికే ఫ్లోరెసీన్ వెలుగును కొంత మింగే గుణం ఉన్నది. ఉచ్చు తనలో తాను మరొక విధంగా ముడిపడకుండా చూసుకోవాలి. ఇవన్నీ నేడు కంప్యూటరు క్షణంలో లెక్కకట్టి చూపుతుంది. ఐనా చివరకు గొట్టంలో వేసి చూడనిదే ఎవరూ నమ్మరు.

వెలుగుకన్న గొప్ప లాభం ఒకటి ఈ చేతులవల్ల కలిగినది. ఎకు టి, జికి సి, అంతే అని పైన అనుకొన్నాము గదా. నిజానికి చేతులు లేని తిన్నని శోధిని కొంచెం చూసీ చూడనట్లు పోతుంది. ఇరవై అక్షరాలలో ఒకటి పొసగకున్నా మిగిలిన పందొమ్మిదింటి బలంతో అతుక్కొంటుంది. అణుదీపానికి అట్టి అవసరం లేదు. సరియైన జోడు దొరకకపోతే తన చేతులు తాను పట్టుకొని ఉండడమే దానికి హాయి. ఒక్క అక్షరం తప్పినా తక్కెడ అటు మొగ్గుతుంది, దీపం చీకటిగానే ఉండిపోతుంది. ప్రత్యామ్నాయం ఉన్నవాడే నియమం తప్పకుండా ఉండగలడన్నది అణువుల విషయంలో అక్షరాలా నిజం.

ఎర్రగడ్డ ఆసుపత్రికి ప్రాణమైన క్షయరోగంలో ఈ ఒక్క అక్షరం జీవన్మరణ సమస్య. ప్రపంచంలోని క్షయరోగులలో సుమారు నాలుగవ వంతు భారతదేశంలోనే ఉన్నారు. చికిత్సకు మూలస్తంభం రిఫాంపిసిన్ అనే మందు. సూక్ష్మజీవిలో ఆర్‌పిఒబి అనే జన్యువులో 81 అక్షరాల చిన్న ముక్క ఉన్నది. అందులో ఎక్కడో ఒక అక్షరం మారితే ఆ మందు చాలావరకు పనిచేయదు. పూర్వం ఈ సంగతి తెలియడానికి కఫాన్ని పెంపకంలో వేసి వారాలు వేచి ఉండవలసివచ్చేది. ఈలోగా రోగి పనిచేయని మందునే మింగుతూ, ఇంటిల్లిపాదికీ ఆ మొండి రోగాన్నే పంచిపెట్టేవాడు. 2010 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన ఎక్స్‌పర్ట్ పరీక్ష, మన ఆసుపత్రులలో సీబీనాట్ అని పిలిచేది, సుమారు రెండు గంటలలో జవాబిస్తుంది. ఆ 81 అక్షరాల మీద ఐదు అణుదీపాలను ఐదు రంగులలో వరుసగా పరుస్తారు. ఐదూ వెలిగితే క్షయ ఉన్నది, మందు పనిచేస్తుంది. ఒకటి ఆరిపోయి మిగిలినవి వెలిగితే క్షయ ఉన్నది, ఆ దీపం కింద అక్షరం మారినది, మందు పనిచేయదు. ఇక్కడ వైద్యుడు చదివేది వెలుగును కాదు. నాలుగు వెలుగుల నడుమ ఉన్న ఒక్క చీకటిని.

శంషాబాదులో అట్టి చీకటికి 2021 డిసెంబరులో పని పడినది. కరోనా పరీక్షలలో ఎక్కువగా వాడినది అణుదీపానికి జ్ఞాతియైన మరొక శోధిని, టాక్‌మాన్. దానికి చేతులు లేవు. అది లక్ష్యానికి అతుక్కొన్న తరువాత, ప్రతులు వ్రాస్తూ వచ్చే ఎంజైము దానిని దారిలోని గడ్డిపోచవలె కొరికివేస్తుంది. ముక్కలైన శోధినినుండి రంగు అణువు విడిపోయి వెలుగుతుంది. రూపం వేరైనా సూత్రం ఒకటే: కలిసి ఉంటే చీకటి, విడిపోతే వెలుగు.

నవంబరు 26న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒమిక్రాన్‌కు పేరు పెట్టినది. డిసెంబరు 1 నుండి భారత ప్రభుత్వం ప్రమాదకరమని గుర్తించిన దేశాలనుండి వచ్చేవారందరికీ, మిగిలిన దేశాలనుండి వచ్చేవారిలో నూటికి ఇద్దరికీ విమానాశ్రయంలోనే పరీక్ష విధించినది. డిసెంబరు 12న శంషాబాదులో దిగినవారిలో కెన్యానుండి ఒకరు, సోమాలియానుండి ఒకరు ఉన్నారు. ఆ రెండూ ప్రమాదకరమైన దేశాల జాబితాలో లేనివి. నూటికి ఇద్దరన్న జల్లెడలోనే వారు పడినారు. గొట్టంలో దీపాలు వెలిగినవి. నమూనాల వ్రాతను పూర్తిగా చదివించినారు. తెలంగాణలో మొదటి ఒమిక్రాన్ కేసులు ఇవేనని 15వ తేదీన రాష్ట్ర ఆరోగ్యశాఖ ప్రకటించినది. మిగిలిన తొంభై ఎనిమిది మందిలో ఉండి ఉంటే ఆ సంగతి ఎన్నాళ్లకు తెలిసేదో ఊహించుకోవలసినదే.

వ్రాతనంతా చదవడానికి రోజులు పడుతుంది. అంతకుముందే అనుమానించే దారి ఒకటి ఆ రోజులలో పరీక్షశాలలకు దొరికినది. వైరస్‌లో మూడు చోట్ల వెదకే ఒక రకపు పరీక్షలో, మూడవది ఎస్ జన్యువు మీద ఉండే దీపం. ఒమిక్రాన్ మొదటి శాఖలో సరిగా అక్కడనే ఆరు అక్షరాలు లోపించినవి. రెండు దీపాలు వెలిగి, ఎస్ దీపం ఆరిపోయేది. అప్పటికి దేశంలో వ్యాపించి ఉన్న డెల్టాలో ఆ లోపం లేదు. కాబట్టి మూడూ వెలిగితే డెల్టా, రెండే వెలిగితే ఒమిక్రాన్ అని స్థూలంగా అనుకోగలిగినారు. పరీక్షను తయారుచేసినవారు కోరని ఈ చీకటి, కొన్ని వారాలపాటు వారి వెలుగుకన్న విలువైనదయినది. ఆ డిసెంబరు 30ననే టాటా సంస్థ తయారుచేసిన ఓమిష్యూర్ అనే పరీక్షకు భారత వైద్య పరిశోధనా మండలి ఆమోదం ఇచ్చినది. అందులో ఎస్ దీపం ఆరడాన్నీ చూస్తారు, ఒమిక్రాన్ మార్పులకు మాత్రమే వెలిగే మరొక దీపాన్నీ చూస్తారు. ఒక చీకటిని, ఒక వెలుగును ఎదురెదురుగా సాక్షులుగా నిలబెట్టడం తెలివైన పని.

ఇంతలో వైరస్ మరొక అడుగు వేసినది. 2022 ఆరంభంలో మన దేశంలో ప్రబలిన ఒమిక్రాన్ రెండవ శాఖ, బి.ఎ.2లో, ఆ ఆరు అక్షరాల లోపం లేదు. ఎస్ దీపం మళ్లీ ఎప్పటివలెనే వెలగసాగినది. మూడు దీపాలూ నిండుగా వెలుగుతున్న గొట్టాన్ని చూసి అది డెల్టాయో, కొత్త శాఖయో చెప్పడం సాధ్యం కాలేదు. నమూనాలను మరల పూర్తి పఠనానికి పంపవలసివచ్చినది.